వృద్ధ సారథులు

వయస్సు మీరినవారు వాహనములు నడుపుట ఎప్పుడు మానవలయును? మాన్పించు అధికారము ఎవ్వరిది? మన యిండ్లలో ఈ ప్రశ్న ప్రతిదినమును పుట్టుచున్నది, పుట్టినచోటనే అణగిపోవుచున్నది. తండ్రి తాళపుచెవి చేతబట్టుకొని గడప దాటుచుండగా కొడుకు తల వంచుకొనును, కోడలు వంటయింటిలో నిట్టూర్చును. ‘నాన్నా, ఇక నువ్వు బండి తియ్యకు’ అను నాలుగు మాటలు నోటికి రావు. తమకు నడక నేర్పినవానిని కూర్చుండుమనుట ఏ బిడ్డకును సులభము కాదు. ఆ మాట చెప్పవలసినది వైద్యుడు. దానిని అమలు జరుపవలసినది ప్రభుత్వము. ఆ ఇరువురును చేయవలసిన పనిని చేయనప్పుడు దాని బరువంతయు ఆ కొడుకుమీద పడుచున్నది. లేదా, దారినబోవు వేరొకని బిడ్డమీద పడుచున్నది.

ఈ విషయమును మేము పలాస, టెక్కలి పట్టణములను, వానికి తూర్పున సముద్రతీరము వెంబడి వ్యాపించిన ఉద్దానమును కన్నులయెదుట నుంచుకొని విచారింపదలచితిమి. పట్టణముల మాట వేరు. అచట వృద్ధుడు కారు మానినను ఆటో దొరకును, మనుమడు దొరకును. ఉద్దానమున అట్లు కాదు. ఉద్యానవనమే ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో కొబ్బరి, జీడి, పనస తోటలు ఒకదానినొకటి ఒరసికొని నిలిచియుండెడివి. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటి ఆ తోటలను నేలమట్టము చేసెను. కొబ్బరిమొక్క నాటిన మరునాడు కాయ కాయదు. తుఫానునకు పూర్వమే వలసపోవుచుండిన యువకులు అటుపిమ్మట మరింత వేగముగ విశాఖకు, హైదరాబాదునకు, చెన్నపట్టణమునకు, సముద్రములకావలి దేశములకు పోయిరి. ఇండ్లలో మిగిలినవారు వృద్ధులు. కొడుకు కొని వదలిపోయిన మోటారు సైకిలుమీద, లేక తాను దాచుకొన్న సొమ్ముతో కొన్న మోపెడుమీద, జీడిపిక్కల బస్తాను కాసిబుగ్గకు చేర్చువాడు డెబ్బదియేండ్ల తండ్రియే. పూర్వము అతడు ఎడ్లబండి తోలెడివాడు. ఎద్దు దారి నెరుగును. యజమాని కునికినను ఇల్లు చేర్చును. మోపెడునకు ఆ జ్ఞానము లేదు.

కాసిబుగ్గలో ఒక సాయంకాలము అట్టి వృద్ధు నొకనిని మేము పలుకరించితిమి. బస్తా దింపి, డబ్బు లెక్కపెట్టుకొని, చీకటి పడకముందే ఊరు చేరవలయునని తొందరపడుచున్నాడు. చూపెట్లున్నదని అడిగితిమి. ‘సూపు బాగానే ఉంది బాబూ. సీకటి పడితే మాత్రం ఎదటి దీపమే అవుపడతాది, మనిసి అవుపడడు’ అనెను. ఆ మాటను అతడు భయముతో చెప్పలేదు, సిగ్గుతోను చెప్పలేదు. వాన వచ్చునట్లున్నదని చెప్పినంత సహజముగా చెప్పెను. అది కంటి పొర ముదిరినవానికి కలుగు అవస్థయని, ఎదురుగా వచ్చు వాహనపు వెలుగు ఆ పొరమీద చెదరి తక్కినదంతయు మరుగుపరచునని అతనికి చెప్పినవారు లేరు. అతడు పోవలసినదారి పదహారవ నంబరు జాతీయ రహదారిని దాటవలయును. కలకత్తా, మదరాసుల నడుమ పోవు లారీలు, టెక్కలి ప్రాంతపు గ్రానైటు రాళ్లను మోయు బండ్లు ఆ రహదారిపై రాత్రింబవళ్లు పరుగెత్తుచుండును. చుట్టు తిరిగి పోవుటకు బద్ధకించి ఎదురుదారిని బడి వచ్చు మోటారు సైకిళ్లు సరేసరి.

ఇక చట్టమేమి చెప్పుచున్నదో చూతము. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టమున లైసెన్సు పొందుటకు కనిష్ఠ వయస్సు కలదు గాని గరిష్ఠ వయస్సు లేదు. 2019లో చేసిన సవరణ ననుసరించి, సొంత వాహనములు నడుపువారిలో ముప్పది యేండ్ల లోపువారికి నలుబదియవ యేటివరకు, ముప్పదికిని ఏబదికిని నడుమనున్నవారికి పదియేండ్లకు, ఏబదికిని ఏబదియైదునకును నడుమనున్నవారికి అరువదియవ యేటివరకు, అటుపై వయస్సు గలవారికి అయిదేసి యేండ్లకు లైసెన్సు చెల్లును. నలుబది దాటినవారు పునరుద్ధరణ సమయమున వైద్యుని యోగ్యతాపత్రమును జతపరుపవలయును. గడువు తీరిన ఒక సంవత్సరములోగా దరఖాస్తు పెట్టుకొన్నవానికి బండి నడిపి చూపు పరీక్ష లేదు. అది దాటినవానికే ఆ పరీక్ష. అనగా గడువు మరచిపోయిన నలుబదియైదేండ్లవాడు మరల పరీక్షకు నిలువవలయును. గడువు మరువని యెనుబదియేండ్లవాడు నిలువనక్కరలేదు. చట్టము పరీక్షించుచున్నది జ్ఞాపకశక్తినే యైనచో ఇది ఒకవిధముగ సమంజసమే!

చట్టమును పూర్తిగా తూలనాడుట న్యాయము గాదు. అందు పదునారవ సెక్షను మిక్కిలి విలువైనది. లైసెన్సు గలవాడు వ్యాధిచేతగాని అంగవైకల్యముచేతగాని వాహనము నడుపుటకు తగడని నమ్ముటకు సహేతుకమైన ఆధారమున్నచో, లైసెన్సు అధికారి ఎప్పుడైనను వైద్యపత్రము తెమ్మని కోరవచ్చును, లైసెన్సును రద్దు చేయవచ్చును. ఇందు వయస్సు ప్రసక్తియే లేదు. ఇట్టి అధికారము గ్రంథములో ఉన్నంత గట్టిగా వీథిలో వినబడదు. వైద్యుడు నింపవలసిన పత్రములోని ప్రశ్నలును తెలివిమాలినవి కావు. పట్టపగలు ఇరువదియైదు మీటర్ల దూరమునుండి కారు నంబరు పలకను గుర్తింపగలడా? ఎరుపు పచ్చలను వేరుపరుపగలడా? రేచీకటి కలదా? మూర్ఛగాని, హఠాత్తుగా కండ్లు తిరుగుటగాని కలదా? హారను మ్రోత వినబడునా?

ప్రశ్నలు బాగున్నవి. జవాబులు వ్రాయు తీరే బాగుగలేదు. మేమెరిగిన ఒకచోట వైద్యుడు తలయెత్తి చూడకయే ఆ పత్రముపై సంతకము చేసెను. ఎదుట నిలిచినవాడు గ్రుడ్డివాడైనను ఆ సంతకము మారెడిది కాదు. ఇరువదియైదు మీటర్ల దూరమునకు ఆ గదియే చాలదు. ప్రభుత్వమువారు లైసెన్సుల కొరకై కంప్యూటరులో నెలకొల్పిన వ్యవస్థకు ‘సారథి’ యని చక్కని పేరు పెట్టిరి. అందు కాగితము ఎక్కినదా, రుసుము ముట్టినదా యని చూతురు. ఆ కాగితము వ్రాసినవాడు రోగి మొగము చూచెనా యన్నది అందు కానరాదు. దశరథుని సారథియైన సుమంత్రుడు వృద్ధుడే. అతడు రాముని గంగాతీరము చేర్చినప్పుడు యోగ్యతాపత్రము నెవ్వరు నడుగలేదు. అతనిని ప్రతిదినము చూచుచుండిన రాజు ఒకడుండెను. నేడు చూచువారెవరు?

అట్లని అరువదియైదు దాటినవారి తాళపుచెవులన్నియు లాగికొనుమని మేము చెప్పబోవుటలేదు. అట్లు చెప్పువారు మన రహదారులపై చచ్చుచున్నవారి వయస్సులను చూడవలయును. కేంద్రప్రభుత్వపు లెక్కల ప్రకారము 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. అందు మూడింట రెండువంతుల మంది పదునెనిమిదికిని నలుబదియైదునకును నడుమనున్నవారు. నూటికి నలుబదినాలుగుమందికి పైగా ద్విచక్ర వాహనములపై నున్నవారు. వేగము, మద్యము, హెల్మెట్టు లేమి, ఎదురుదారి పట్టుట, ఇవి వృద్ధుల గుణములు కావు. తాతను పరీక్షింపుడని కేకలువేయు మనుమడే ముగ్గురిని వెనుక నెక్కించుకొని పోవుచుండుట మనము చూడనిదా?

ఉద్దానమున వయస్సు అను కొలత మరియొక కారణముచేత గూడ పనికిరాదు. ఇచటి మూత్రపిండముల వ్యాధి లోకమెల్ల ఎరిగినదే. దాని మూలకారణము ఇంకను నిస్సంశయముగా తేలలేదు. అది వృద్ధులనే గాక, ముప్పది నలుబది యేండ్ల కష్టజీవులను గూడ పట్టుకొనుచున్నది. 2023 డిసెంబరు 14వ తేదీన పలాసలో 200 పడకల ఆసుపత్రియు, పరిశోధన కేంద్రమును, హిరమండలమునుండి వంశధార జలమును ఉద్దానమునకు తెచ్చు మంచినీటి పథకమును ప్రారంభింపబడెను. మంచిదే. కాని డయాలసిస్ అవసరమైనవానికి అది సాధారణముగా వారమునకు రెండుమూడు మారులు, ఒక్కొక్కమారు సుమారు నాలుగు గంటలు జరుగవలయును. అది ముగిసిన పిమ్మట రక్తపు పోటు పడిపోయి కండ్లు తిరుగుట, ఒడలు తేలిపోవుట సామాన్యము. అట్టివాడు ఇల్లు చేరుట యెట్లు? నలుబదియేండ్ల రోగి తానే మోటారు సైకిలు నడుపుకొనిపోవును. లేదా డెబ్బదియేండ్ల తండ్రి అతనిని వెనుక కూర్చుండబెట్టుకొని పోవును. ఈ ఇరువురిలో ఎవరు నడుపుట మేలు? తండ్రి నడుపుటయే మేలు. వయస్సునుబట్టి మాత్రమే తీర్పు చెప్పు శాసనము మేలైన సారథిని దింపి కీడైన సారథిని ఎక్కించును. ఇది తర్కము కొరకు కల్పించిన చిక్కు కాదు. డయాలసిస్ కేంద్రముల వాకిట నిలిచి చూచినవారికి కనబడు సంగతి.

ఐనను వార్ధక్యము వార్ధక్యమే. చూపు తగ్గును, మెడ తిరుగదు, చూచినదానికిని కాలు బ్రేకుపై పడుటకును నడిమి క్షణము పొడుగగును. అన్నిటికన్న కష్టమేమనగా, మతి మందగించుట ఆ మతికే తెలియదు. 2019 జనవరిలో బ్రిటిషు రాణి భర్తయైన ఫిలిప్పు రాకుమారుడు తన తొంబదియేడవ యేట కారు నడుపుచు సాండ్రింగుహాము వద్ద మరియొక కారును ఢీకొనెను. సూర్యకాంతి కండ్లలో పడినదని చెప్పుకొనెను. మరుసటినెల లైసెన్సును తిరిగి యిచ్చివేసెను. ఆ దేశమున డెబ్బదియేండ్లు నిండిన పిదప మూడేండ్ల కొకమారు తన ఆరోగ్యమును తానే ప్రకటించుకొనిన చాలును. రాజభవనములో వైద్యులకు కొదువ లేదు, సారథులకును కొదువ లేదు. ఐనను వలదని ముందుగా ఆపిన నాథుడు కానరాడు. ఇక వజ్రపుకొత్తూరులో కొడుకు నోరు మెదపలేదని నిందించుట యెట్లు?

జపానుదేశమున అదే యేడు ఏప్రిల్ 19వ తేదీన టోక్యో నగరపు ఇకెబుకురోలో ఎనుబదియేడేండ్ల వృద్ధుడు నడుపుచుండిన కారు ఒక తల్లిని, మూడేండ్ల ఆమె కూతురును చంపెను. ఆ దుఃఖము దేశమును కదల్చెను; ఆ యేట సుమారు 6 లక్షలమంది తమంతట తామే లైసెన్సులను తిరిగి యిచ్చిరి. తిరిగి యిచ్చినవానిని అచట ఉత్తచేతులతో పంపరు. ఇన్నేండ్లు వాహనము నడిపినవాడని ఒక పత్రము నిత్తురు. పెక్కుచోట్ల ఆ పత్రము చూపినవారికి బస్సులలో, టాక్సీలలో రుసుము తగ్గింతురు. డెబ్బదియైదు దాటినవారికి పునరుద్ధరణకు ముందు జ్ఞాపకశక్తిని, గ్రహణశక్తిని పరీక్షింతురు. నియమభంగముల చరిత్ర గలవారికి 2022 మొదలు బండి నడిపి చూపు పరీక్షయు కలదు.

పరీక్ష పెట్టినంతనే పాపము పరిహారమగునని తలచువారు డెన్మార్కు కథను వినవలయును. అచట 2006లో డెబ్బది దాటినవారికి లైసెన్సు పునరుద్ధరణ సమయమున మతిశక్తి పరీక్షను విధించిరి. పిదప పండితులు లెక్కలు తీసి చూడగా, వాహనము నడుపు వృద్ధుల మరణములు తగ్గిన జాడ కానరాలేదు. నడచిపోవుచు, సైకిలు త్రొక్కుచు మరణించిన వృద్ధుల సంఖ్య పెరిగెను. కారునుండి దింపబడినవాడు ఇంట కూర్చుండలేదు. అంగడికి పోవలసినదే, వైద్యుని కడకు పోవలసినదే, కాలినడకను రోడ్డెక్కెను. 2017లో ఆ దేశము వయస్సుతో ముడిపడిన ఆ వైద్య పరీక్షను తొలగించెను. డెన్మార్కులో కాలిబాటలున్నవి, సైకిలు దారులున్నవి. మన రహదారి ప్రక్కన ఏమున్నది? ధాన్యపు రాశియు, ఆగిన లారీయు.

అంత దూరము పోనేల? పలాస స్టేషనులో ఆగు రైలు ఇంజనును చూడుడు. దానిని నడుపువానికి ఉద్యోగమున చేరునాడు మాత్రమే గాక, నియమిత కాలమున మరల మరల కంటి పరీక్షయు దేహపరీక్షయు జరుగుచుండును. వయస్సు పెరిగినకొలది ఆ పరీక్షల నడిమి ఎడము తగ్గును. తప్పినవానిని వీథిలో పారవేయరు. ఇంజను దింపి వేరొక పని చూపుదురు. ఇందు అవమానమేమియు లేదు. పరీక్ష అందరికిని ఉన్నది గనుక అది ఎవ్వరిని వేలెత్తి చూపదు. మా అభిప్రాయము దీనినిబట్టియే ఏర్పడినది: వయస్సు మనుష్యుని పరీక్షకు పిలువవలయును, తీర్పు మాత్రము చెప్పరాదు.

అరువదియైదు నిండినవారిని రెండేండ్ల కొకమారు, డెబ్బదియైదు నిండినవారిని ఏటేట పరీక్షకు పిలుచుట యుక్తమని మాకు తోచుచున్నది. దీనికి పార్లమెంటు చట్టమును సవరింపవలయును. అంతవరకును చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు. పలాసలోను టెక్కలిలోను సర్కారు ఆసుపత్రులున్నవి, పల్లెలలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రములున్నవి, సంతలున్నవి. రవాణాశాఖవారు, వైద్యశాఖవారు కలిసి సంతనాడు శిబిరము పెట్టవచ్చును. ఆరుబయట ఇరువదియైదు మీటర్ల తాడు పరచి చివర ఒక నంబరు పలక నిలుపుటకు ఎంత ఖర్చగును? అదే పరీక్షను ప్రొద్దుగూకు వేళ మరల పెట్టవలయును; కాసిబుగ్గ వృద్ధుని చూపు పగటిపూట తప్పు పట్టరానిది. కంటి పొర యున్నచో లైసెన్సును తీసివేయుటకు ముందు పొరను తీయవలయును. ఆ శస్త్రము ప్రభుత్వ కార్యక్రమములలో ఉచితముగా జరుగుచున్నది. దానితో పెక్కుమందికి చూపు తిరిగి వచ్చును. ఇన్సులిన్ పుచ్చుకొనువారిని, మూర్ఛ గలవారిని, డయాలసిస్ చేయించుకొనువారిని ఏ వయస్సువారైనను ఇదే శిబిరమునకు పిలువవలయును. లైసెన్సు పుచ్చుకొనకయే బండి నడుపు వృద్ధులు మన పల్లెలలో అరుదు కారు. పట్టుకొందురను భయమున్నచో వారు రారు. కనుక ఆ శిబిరమున పోలీసువారు కానరాకుండుట మేలు.

ఫలితము ‘ఔను, కాదు’ అను రెండు మాటలతోనే ముగియనక్కరలేదు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్సు రాష్ట్రమున ఎనుబదియైదు దాటినవారు రెండేండ్ల కొకమారు నడిపి చూపవలయును. అది వలదన్నవారు తమ యింటి పరిసరములలో మాత్రమే నడుపుటకు పరిమిత లైసెన్సు పొందవచ్చును. మనకును అట్టి మెట్టు కావలయును. పగలు మాత్రమే, ఊరిదారిలో మాత్రమే, జాతీయ రహదారి ఎక్కకుండ, వెనుక మనిషిని ఎక్కించుకొనకుండ నడుపవచ్చునని వ్రాసి యిచ్చినచో, నువ్వలరేవునుండి పక్క ఊరికి పోవు వృద్ధునికి లోటుండదు.

ఇందొక అపాయము కలదు. దానిని దాచుట తగదు. తండ్రికి మతి తప్పినదను వైద్యపత్రము చేతికి చిక్కినచో దానిని బండికే గాక భూమికిని వాడుకొను కుమారులుందురు. తోట పంపకములో తగవు పడియున్న అన్నదమ్ములకు అంతకన్న అక్కరకువచ్చు కాగితముండదు. కనుక కుటుంబమువారు వైద్యునికి రహస్యముగా విన్నవించుకొను వీలు కల్పింపవలయును గాని, పరీక్షాఫలితము వాహనము విషయమున తప్ప మరి యే కోర్టులోను, కచ్చేరిలోను చెల్లరాదని శాసనములోనే వ్రాయవలయును.

ఇక బస్సుల మాట. 2025 ఆగస్టు 15 మొదలు మన రాష్ట్రమున స్త్రీలు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో చార్జీ లేకుండ పోవచ్చును. అరువదియేండ్లు నిండినవారికి ఆర్టీసీవారు చార్జీలో నాలుగవవంతు తగ్గించుచున్నారు. ఎక్కువారికి మేలే. కాని బస్సు రాని ఊరిలో ఉచిత ప్రయాణము వలన ముసలమ్మకు గాని, రాయితీ వలన ముసలాయనకు గాని ఒరుగునదేమి? డయాలసిస్ వేళలు ముందుగా నిర్ణయమైనవే. ఏ ఊరివారు ఏ దినమున, ఏ గంటకు వచ్చి ఏ గంటకు పోవుదురో ఆసుపత్రి పుస్తకములలో వ్రాసియే యున్నది. పలాస, సోంపేట, కవిటి, హరిపురము కేంద్రముల పట్టికలను ఒకచోట పెట్టి చూచినచో ఎన్ని చిన్న బండ్లు, ఏ దారుల వెంట తిరుగవలయునో ఒక పూటలో తేలును. ఆ బండ్లు తిరిగిననాడు ఉద్దానమున తాళపుచెవి వదలుమని తండ్రిని అడుగుటకు కొడుకునకు నోరు వచ్చును. జిల్లా కలెక్టరుగారు ఆ పట్టికలను తెప్పించుకొనుటతో ఈ పని మొదలుపెట్టవచ్చును. రానున్న జీడిపిక్కల కాలమునకు, కాసిబుగ్గ దారులు మరల బస్తాల బండ్లతో నిండకమునుపే, మొదటి శిబిరమును సంతలో చూడగోరుచున్నాము.